ఎనిమిది పెన్నుల గీతలమ్మ

నా తలలో మెదడు ఉందని రుజువు చేసే కాగితాన్ని నేను కళ్ళారా చూశాను. మొఘల్‌పురాలో ఆ మాట చెప్పుకోగలిగిన మగవాడు నాకు తెలిసి నేనొక్కడినే. ఏడో తరగతిలో లెక్కల సారు నా నెత్తి మీద వేళ్ళతో కొట్టి, ఆ చప్పుడు విని, "ఖాళీ కుండ" అని తీర్పు చెప్పాడు. పెద్దవాళ్ళ మాట కాదనే అలవాటు లేక నేను బడి మానేసి పంఖాల వైండింగు పనిలో చేరాను. చాలా ఏళ్ళ తర్వాత, ఒక సర్కారు దవాఖానాలో ఒకావిడ నా నెత్తికి తీగలు అంటించి, మిషన్ తిప్పి, ఆ తీర్పు కొట్టేసింది.

ఆవిడ పోయిందని మొన్న తెలిసింది. ఉస్మాన్‌గంజ్‌లో రాగితీగ తూకం వేయించుకుంటుంటే వెనకనుంచి ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. చూస్తే చాచా. ఆ దవాఖానాలో ఆవిడ గది బయట స్టూలు వేసుకుని కూర్చునే అటెండరు, ఇప్పుడు రిటైరయ్యాడు.

"మియా, నీ గీతలమ్మ గుజర్ గయీ," అన్నాడు. "బాపట్ల దిక్కు వాళ్ళ ఊర్లనే పోయిందట. వాళ్ళోళ్ళు రాసిన ఖత్ వచ్చింది."

చెప్పి వెళ్ళిపోయాడు. నేను తీగ అక్కడే మర్చిపోయి ఇంటికి వచ్చాను.

గీతలమ్మ అన్నది నేను పెట్టిన పేరే. దవాఖానా రిజిస్టర్లో ఆవిడకు వేరే మంచి పేరు ఉండేది. డెబ్బైల్లో ఆ దవాఖానాలో మెదడు గీతలు తీసే మిషన్ ఒక్కటే ఉండేది, దాన్ని నడిపేది ఆవిడ ఒక్కతే. పొట్టిగా, సన్నగా ఉండేది. మెడలో కొలతల టేపు, జుట్టు ముడిలో గుచ్చిన ఎర్ర పెన్సిలు. మొదటిసారి చూసినప్పుడు దవాఖానాలో దర్జీ ఎందుకున్నదా అనుకున్నాను. కుడిచేతి వేళ్ళకు ఎప్పుడూ సిరా. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు కూడా పోదని చాచా చెప్పేవాడు.

ఆ మిషన్ సంగతి నాకు అర్థమైనంత చెప్తాను. తల మీద చిన్న చిన్న వెండి బిళ్ళలు అంటిస్తారు. లోపల మెదడులో పుట్టే కరెంటు ఆ బిళ్ళల ద్వారా తీగల్లోకి వస్తుంది. అది ఎంత కరెంటు అనుకున్నారు? ఒక టార్చి సెల్లును వేల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క. దాన్ని మిషన్ పెద్దది చేసి ఎనిమిది పెన్నులను కదిలిస్తుంది. కింద కాగితం జరుగుతుంటే పెన్నులు గీస్తూ పోతాయి. నేను రోజంతా రెండువందల ముప్ఫై వోల్టులతో పోట్లాడేవాణ్ణి. అంత సన్నటి కరెంటును పట్టుకుని, దాంతో రాయించి, ఆ రాత చదివే మనిషి ఒకరు ఉంటారని నాకు అప్పటిదాకా తెలియదు.

నన్ను పిలిపించింది కూడా ఆ సన్నతనం వల్లే. గీతలన్నీ ముద్దగా, నల్లగా వస్తున్నాయి. వైరింగులో కరెంటు ఎక్కడినుంచో లోపలికి చొరబడుతోంది. నేను మిషన్ వైపు వేలు చూపించి, "ముసలిదైందమ్మా" అన్నాను. "మిషన్‌ది తప్పు కాదయ్యా. గోడ లోపల చూడు," అంది. చూస్తే బీరువా వెనక ఎర్త్ వైరు స్క్రూ తుప్పుపట్టి రాలిపోయి ఉంది. కొత్త స్క్రూ వేశాను. సరిగ్గా ఉందో లేదో చూడాలంటే ఒక తల కావాలి. గదిలో ఉన్నది నా తల.

"కదలకు. కళ్ళు మూసుకో. ఏమీ ఆలోచించకు," అంది.

"గా పని నాకు మస్తు అలవాటే అమ్మా," అన్నాను.

పెన్నులు నీళ్ళ మీద గాలి నడిచినట్టు మెల్లగా కదిలాయి. అయ్యాక, "ఏమున్నది లోపల?" అని అడిగాను.

"మెదడు ఉంది," అంది కాగితం మడుస్తూ. "అంతకు మించి తెలియాలంటే డాక్టరుగారిని అడుగు. నేను రాయించేదాన్ని, చెప్పేదాన్ని కాదు."

ఆ ముక్క ఆవిడ ప్రతివాళ్ళకూ చెప్పేది. బిళ్ళలు తీయగానే ఏ తల్లి అయినా "ఏముందమ్మా?" అనే అడుగుతుంది. నేను రాయించేదాన్ని, చెప్పేదాన్ని కాదు. కఠినంగా చెప్పేది కాదు, కానీ ఇంకోసారి అడగబుద్ధి కాని గొంతు. అట్లాంటి మనిషి చంటిపిల్లల దగ్గర వేరే అవతారం ఎత్తేది. నన్ను "ఏమయ్యా" అనే ఆవిడ, పాలు తాగే పిల్లలను "అండీ" అనేది. బిళ్ళల కింద పూసే పేస్టును ముందు తన అరచేతిలో రుద్ది వెచ్చబరిచి, "చల్లటిది పెడితే ఎవరికైనా కోపం వస్తుంది కదండీ. కాస్త తల ఇటు తిప్పుతారా?" అని నాలుగు నెలల పిల్లవాణ్ణి బతిమాలేది. చిత్రం ఏమిటంటే వాడు తిప్పేవాడు.

ఇంకొకటి. ఆవిడ మిషన్ను నమ్మేది కాదు. పెన్ను ఎగిరితే ముందు పిల్లవైపు చూసేది. "పెన్ను దూకినంత మాత్రాన మెదడు దూకినట్టు కాదయ్యా. దవడ కదిపినా దూకుతుంది, తీగ లాగినా దూకుతుంది. పిల్లను చూడకుండా కాగితం చూసేవాడు గుడ్డివాడు," అనేది. ఒక కన్ను పిల్ల మీద, ఒక కన్ను పెన్నుల మీద. ఎర్ర పెన్సిలు తీసి కాగితం అంచున రాస్తూ ఉండేది: ఇక్కడ ఆవలించాడు, ఇక్కడ తల్లి చెయ్యి తగిలింది, ఇక్కడ పెన్ను దూకింది కానీ ఏమీ చేయలేదు. ఆ 'ఏమీ చేయలేదు' అన్నదాని దగ్గరే డాక్టరు ఎక్కువసేపు ఆగేవాడట.

ఇక నా సంగతికి వస్తాను. వాయిదా వేసుకుంటూ వచ్చానని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

నా కూతురికి అయిదు నెలలు నిండినప్పటినుంచి ఒక అలవాటు మొదలైంది. నిద్ర లేవగానే తల ముందుకు వంచేది, రెండు చేతులూ పైకి విసిరి దగ్గరికి తెచ్చుకునేది. ఒక్క క్షణం. మళ్ళీ మామూలు. కొంచెం ఆగి మళ్ళీ. అట్లా వరసగా ఏడెనిమిది సార్లు. మా పాతబస్తీలో అది చూసినవాళ్ళకు ఏం గుర్తుకొస్తుంది? సలాం. మా పక్కింటి నానీమా మొదటిసారి చూసి, "బచ్చీ సలాం కర్రీ" అని మురిసిపోయి, "జీతీ రహో బేటీ" అని దీవించింది. అది చాలు నాకు. బస్తీ మొత్తం చెప్పాను. పొద్దున పిల్ల లేచే వేళకు మా వాకిట్లో నలుగురు నిలబడేవాళ్ళు. అది తల వంచినప్పుడల్లా వాళ్ళూ చెయ్యి నుదుటికి తాకించి బదులు సలాం చేసేవాళ్ళు. "నవాబుల ఖాందాన్ కదా, ఎవ్వల్నీ ఊరికె పంపది," అని నేను పక్కన నిలబడి గొప్పలు పోయేవాణ్ణి.

నా భార్య మాత్రం, "పిల్ల నవ్వుతలేదు. ఇంతకుముందు నా మొఖం జూస్తే నవ్వుతుండె," అనేది.

"నా జోకులు ఇని ఇని యాష్టకొచ్చిందే దానికి," అన్నాను నేను. ఈ మాట నేనన్నాను. ఎవరో అన్నది కాదు.

ఆ రోజుల్లోనే గీతలమ్మ గదిలో పంఖా చప్పుడు చేస్తోందని మళ్ళీ పిలిచారు. స్టూలు మీద నిలబడి బేరింగు విప్పుతూ, కింద కాగితాలు సర్దుకుంటున్న ఆవిడకు నా బిడ్డ నవాబీ సంగతి చెప్పాను. చెప్పి ఊరుకుంటే నేనెట్లా అవుతాను. కిందికి దిగి, చేసి చూపించాను. చాచా గుమ్మంలో నిలబడి నవ్వాడు.

గీతలమ్మ నవ్వలేదు. చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టింది.

"ఆ నవ్వు కాస్త ఆపి, మళ్ళీ చెయ్యి."

చేశాను.

"ముందు తల వంగుతుందా, చేతులు లేస్తాయా?"

"రెండూ ఒక్కసారే అమ్మా. మోకాళ్ళు గూడ గిట్ల మీదికొస్తయి."

"రెండు సలాముల మధ్య ఎంతసేపు?"

"గింతసేపు," అని లోపల లెక్కపెట్టి చూపించాను.

"అయ్యాక ఏడుస్తుందా?"

"ఒకొక్కసారి. భయపడినట్టు."

"ఎప్పుడు చేస్తుంది?"

"లేవంగనే."

ఆవిడ అడుగుతూ పోయింది, నేను చెప్తూ పోయాను. ప్రతి ప్రశ్నకూ నా దగ్గర జవాబు ఉంది. ఏ వేలు ఎట్లా మడుస్తుందో, కళ్ళు ఎటు తిరుగుతాయో అన్నీ తెలుసు. అంత శ్రద్ధగా నేర్చుకున్నాను, నవ్వించడానికి. నా నోట్లో మాట నాకే చేదుగా తగలడం మొదలైంది.

"ఈమధ్య పాప నవ్వడం తగ్గించిందా?" అంది ఆఖరున.

స్టూలు మీద స్క్రూడ్రైవరు ఉంటే తీసి జేబులో పెట్టుకున్నాను.

"ఎన్నాళ్ళయింది మొదలై?"

"నెలా పదిహేను రోజులు."

"పంఖా అట్లా వదిలెయ్. ఇంటికి పోయి పాపను తీసుకురా. దారిలో నిద్రపోనివ్వకు. ఇక్కడికొచ్చాకే పడుకోవాలి."

"ఏందమ్మా ఇది? ఏమైంది?"

ఆవిడ తన పాత మాట అనబోయి ఆగింది. "త్వరగా రా," అంది.

మొఘల్‌పురానుంచి దవాఖానాకు రిక్షాలో ఎంతో దూరం లేదు. ఆ దారి పొడవునా పిల్ల నిద్రపోకుండా చూడటం నా పని. మేకలా అరిచాను, కోతిలా మూతి పెట్టాను, టోపీ తిరగేసి పెట్టుకున్నాను. పక్కన పోయే సైకిలువాళ్ళు నవ్వారు. నా బిడ్డ నా ముఖం వైపే ఉంది కానీ నన్ను చూడటం లేదు. కిటికీలోంచి బయటికి చూసినట్టు నాలోంచి అటువైపు చూస్తోంది. అంతకుముందు నెలా పదిహేను రోజులు నేను దాన్ని చూసి వేషం నేర్చుకున్నాను గానీ, అది నన్ను చూస్తోందో లేదో చూడలేదు.

"గిదే నేను మొత్తుకున్నది," అంది నా భార్య, ఇంకేమీ అనకుండా.

గదిలో గీతలమ్మ టేపుతో పిల్ల తల కొలిచింది. ముక్కు మొదలునుంచి వెనక బొడిపె దాకా, ఈ చెవినుంచి ఆ చెవి దాకా. ఎర్ర పెన్సిలుతో చుక్కలు పెట్టింది. నా భార్యను మంచం మీద పిల్ల పక్కనే పడుకోమని, "నువ్వూ కళ్ళు మూసుకోమ్మా. నువ్వు భయపడుతుంటే ఆవిడకు తెలిసిపోతుంది," అంది. ఆవిడ అంటే నా ఆరున్నర నెలల కూతురు. ట్యూబులైటు ఆపేసింది, పంఖా ఎట్లాగూ విప్పే ఉంది. నన్ను మంచం కాళ్ళ దగ్గర నిలబెట్టింది.

"నీకు బాగా తెలుసు కదా అది. మొదలైనప్పుడల్లా పైకి చెప్పు. మెల్లగా."

పిల్ల పాలు తాగుతూ నిద్రపోయింది. అది నిద్రలోకి జారుతుంటే పెన్నులు లేచాయి. నా తల గీతలు నేను చూసి ఉన్నాను కాబట్టి నాకు తేడా తెలిసింది. ఇవి గీతలు కావు. ఒక పెన్ను పైకి పోతే పక్కది కిందికి, ఒకటి నిలువునా, ఒకటి అడ్డంగా, ఒకదానికొకటి తగిలి సిరా చిందుతోంది. ఏ కాయిల్‌కూ ఇంకో కాయిల్‌తో పొత్తు లేని మోటారు ఎట్లా కొట్టుకుంటుందో నాకు తెలుసు. బయటికి చూస్తే మా పిల్ల ప్రశాంతంగా నిద్రపోతోంది. పెదవి చివర పాల చుక్క ఉంది.

అరగంటకు లేచింది. కళ్ళు తెరిచింది. తల వంచింది, చేతులు విసిరింది.

"సలాం" అని రావాలి నా నోట. రాలేదు. "ఇగో" అన్నాను.

ఎనిమిది పెన్నులూ ఒక్కసారి ఎగిరి, ఒక్కసారి పడిపోయాయి. చప్పుడు ఆగింది. కాగితం జరుగుతోంది గానీ దాని మీద గీతలు దాదాపు చదునుగా పోతున్నాయి. కరెంటు పోయిందనుకుని మిషన్ మీద ఎర్ర బుడ్డి వైపు చూశాను. వెలుగుతూనే ఉంది. కరెంటు పోయింది గదిలో కాదు.

మళ్ళీ పెన్నులు లేచాయి. మళ్ళీ పిల్ల తల వంచింది. "ఇగో." పడిపోయాయి. "ఇగో." ఆవిడ ఎర్ర పెన్సిలు నా మాట పడగానే కాగితం మీద పడేది, ఒక్క క్షణం అటూ ఇటూ కాలేదు. ఎనిమిదోసారి తర్వాత పిల్ల ఏడ్చింది. మా వాకిట్లో జనం ఎనిమిదిసార్లూ చెయ్యి నుదుటికి తాకించి బదులు చెప్పిన సలాములు అవే.

బిళ్ళలు తీసి, తల తుడిచి, గీతలమ్మ పిల్లను తనే ఎత్తుకుంది. భుజాన వేసుకుని, "ఎంత కష్టపడ్డారండీ ఇన్నాళ్ళూ," అని వీపు నిమిరింది. ఒక నిమిషం అట్లాగే నిలబడి నా భార్యకు ఇచ్చింది. కాగితం కట్ట తీసుకుని తనే డాక్టరు దగ్గరికి నడిచింది.

బయటికి వచ్చి చాచాతో, "గీతలమ్మకు నా బిడ్డ మస్తు నచ్చినట్టున్నది భాయ్, తానే ఎత్తుకున్నది," అన్నాను. చాచా లేచి తన స్టూలు నాకు ఇచ్చాడు. ఎందుకో అప్పుడు తెలియలేదు.

డాక్టరు ఆ జబ్బుకు పెద్ద పేరు చెప్పాడు. పుస్తకాల్లో దానికున్న పాత పేర్లలో సలాం అన్నది కూడా ఒకటని చెప్పాడు. ఎవరో ఇంగ్లీషు డాక్టరుకు కూడా అది సలాంలాగే కనబడిందన్నమాట. నా తప్పు కాస్త తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గలేదు. ఆయన అట్లా కనబడగానే రాసిపెట్టడానికి కాగితం తీశాడు, నేను జనాన్ని పిలిచాను. ఇది మూర్ఛలో ఒక రకమని, వదిలేస్తే పిల్ల బుద్ధి ఎదగదని, రోజూ ఇంజక్షను ఇవ్వాలని చెప్పాడు. అందరికీ పనిచేయదు. పనిచేసేది ఉంటే తొందరగా మొదలుపెట్టినవాళ్ళకే ఎక్కువ.

"ఇంకో నెల నువ్వు జోకులేస్తూ కూర్చుంటే నేను ఈ మాట కూడా చెప్పకపోదును," అన్నాడు.

ఇంజక్షన్లకు పిల్ల బుగ్గలు ఉబ్బి మార్వాడీ సేటులా అయ్యింది. ఊరికే ఏడ్చేది, ఊరికే పాలకు ఎగబడేది. రెండో వారం పూర్తి కాకముందే సలాములు ఆగిపోయాయి. నేను ఎగిరి గంతేశాను. డాక్టరు గంతెయ్యలేదు. "బయట ఆగితే సరిపోదు, లోపల ఆగిందో లేదో కాగితం చెప్పాలి," అన్నాడు. రెండోసారి గీతలు తీయించే రోజు పెట్టాడు.

ఆ రోజుకు ముందు చాచా నన్ను పక్కకు పిలిచి ఆ స్టూలు సంగతి చెప్పాడు. "మియా, ఆమె నోటితోటి ఏం చెప్పది. గాని ఇరవై ఏండ్ల సంది చూస్తున్న. కాగితం మంచిగుంటే తల్లికి 'ఎత్తుకో' అంటది. మంచిగ లేకుంటే తానే ఎత్తుకుంటది. ఆమెకు గూడ తెల్వది గట్ల చేస్తదని."

చాచా మాట నిజమేనని నేను నా కళ్ళతో చూశాను. మా వంతు వచ్చేముందు కార్వాన్‌నుంచి వచ్చిన ఒకామె కొడుకుకు గీతలు తీస్తున్నారు. తలుపు సందులోంచి కనబడింది. బిళ్ళలు తీశాక గీతలమ్మ వాణ్ణి భుజాన వేసుకుంది. వాడి చెవిలో ఏదో మర్యాదగా చెప్తోంది. తల్లి చీర సర్దుకుంటూ నవ్వుతోంది, మిషనమ్మకు తన కొడుకు ముద్దొచ్చాడని. చాచా లేచి నిలబడి ఉన్నాడు.

తర్వాత మేము. అదే టేపు, అవే చుక్కలు, అదే వెచ్చటి పేస్టు. నిలబడమన్న చోట నిలబడ్డాను. నా నోరు మొదటిసారి నా మాట విని మూసుకుని ఉంది. పిల్ల నిద్రపోయింది. పెన్నులు మెల్లగా, కాస్త తడబడుతూ, ఒక దారిన పడి నడిచాయి. నాకు నమ్మకం కుదరలేదు. పిల్ల లేచింది. కళ్ళు తెరిచి పైకప్పు చూసింది, ఆవలించింది, చేతులు విసరలేదు. ఆవిడ ఎర్ర పెన్సిలు కాగితం మీద ఒక్కమాటే రాసింది: ఆవలించింది.

బిళ్ళలు తీసింది. తల తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆగింది.

"ఎత్తుకోమ్మా," అంది నా భార్యతో, పెన్నులకు మూతలు పెడుతూ.

నేను బయటికి వచ్చాను. చాచా నా ముఖం చూసి, స్టూలు మీద ఇంకా బాగా సర్దుకుని, కాళ్ళు బారచాపుకుని కూర్చున్నాడు.

అంతా ఒక్కసారే బాగైపోయిందని చెప్తే అబద్ధం. పిల్ల ఆలస్యంగా కూర్చుంది, ఇంకా ఆలస్యంగా నడిచింది. మూడేళ్ళు దాటాకగాని మాట రాలేదు. వచ్చింది కూడా ఒక్కో మాట వెతుక్కుంటూ. ఆరేళ్ళకు బడిలో వేద్దామంటే నాకు చెమటలు పట్టాయి. అక్కడ ఎవరైనా దాని నెత్తి మీద వేళ్ళతో కొట్టి తీర్పు చెప్తే? ముందే తెలుసుకుందామని పిల్లను చంకనేసుకుని గీతలమ్మ దగ్గరికి పోయాను. మూర్ఛ మళ్ళీ రాలేదు, డాక్టరు రాసిన చీటీ లేదు, ఊరికే పోయాను.

"ఇంకొక్కసారి తీగలు పెట్టి చూడమ్మా," అన్నాను. "బడికి పోతే చదువొస్తదా రాదా, దీని తలకాయల ఏమున్నదో చెప్పు. నాకు రాత్రిళ్ళు నిద్ర పడ్తలేదు. ఎవ్వలకూ చెప్పనని నీకు తెలుసుగా, నాకొక్కనికే చెప్పు."

పిల్ల నా చొక్కా గుండీ పట్టుకుని లాగుతూ ఏదో చెప్పడానికి మాట వెతుక్కుంటోంది. నేను దాని చెయ్యి పక్కకు తీసి, నా గోడు చెప్పుకుంటూ పోయాను.

గీతలమ్మ ముడిలోంచి పెన్సిలు తీసి బల్ల మీద పెట్టింది.

"మాట రాని పిల్లలకయ్యా ఈ మిషను. మీ పాప అప్పటినుంచీ ఏదో చెప్తోంది. నువ్వు కాస్త నోరు మూసుకుంటే లోపల ఏముందో ఆవిడే చెప్తారు."